కోహినూర్: మైనర్ రాజు సంతకం వెనక కథ

కోహినూర్ ఎవరిదన్న గొడవ మళ్లీ మొదలైంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు, నాదిర్ షా దండయాత్ర అందరికీ తెలిసినవే. తేలాల్సింది, వజ్రాన్ని వెనక్కి తెప్పించాలన్న పిటిషన్‌పై 2016లో సుప్రీంకోర్టులో మన సొలిసిటర్ జనరల్ చెప్పిన మాట: వజ్రాన్ని ఎవరూ దొంగిలించలేదు, లాక్కోలేదు, సిక్కు యుద్ధాల ఖర్చు కింద పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ వారసులే ఇచ్చారని.

ఆ ఖర్చు లెక్కే చూద్దాం. మొదటి సిక్కు యుద్ధంలో, సోబ్రావ్ దగ్గర సిక్కులు ఓడాక, 1846 మార్చిలో లాహోర్ ఒప్పందంతో లాహోర్ దర్బారు (సిక్కు రాజ్య ప్రభుత్వం) మీద ఈస్టిండియా కంపెనీ కోటిన్నర రూపాయల పరిహారం వేసింది. ఖజానాలో అంత లేదు. కోటి రూపాయల కింద కశ్మీర్, హజారా రాయించుకుని, వారానికే కశ్మీర్‌ను 75 లక్షలకు జమ్మూ రాజు గులాబ్ సింగ్‌కు కట్టబెట్టారు. ఆ ఒప్పందంలో వజ్రం ఊసే లేదు.

కథ మలుపు తిరిగింది అదే ఏడాది డిసెంబరులో, భైరోవాల్ ఒప్పందంతో. రంజిత్ సింగ్ చిన్న కొడుకు, బాలరాజు దులీప్ సింగ్‌కు 16 ఏళ్లు నిండేదాకా, అంటే 1854 సెప్టెంబరు 4 వరకు, రాజ్యాన్ని కంపెనీయే కాపాడుతుంది. అందుకు దర్బారు ఏటా 22 లక్షలు కట్టాలి. 8 మంది సర్దార్ల మండలి పేరుకే, పెత్తనమంతా దర్బారులో ఉండే కంపెనీ ప్రతినిధి, అంటే బ్రిటిష్ రెసిడెంట్‌ది. 1847 ఆగస్టులో మండలి సభ్యుడు తేజ్ సింగ్‌కు రాజా బిరుదు ఇస్తూ అతని నుదుట తిలకం దిద్దమంటే పిల్లవాడు చేతులు వెనక్కి పెట్టుకుని ససేమిరా అన్నాడు. నేరం తల్లి జిందాన్ మీద మోపి, ఆమెను షేఖుపురా కోటకు పంపేశారు. బిడ్డకు అండ లేకుండా పోయింది.

1848లో ముల్తాన్‌లో రేగిన తిరుగుబాటు రెండో యుద్ధంగా ముదిరింది. మండలి సభ్యుడు షేర్ సింగ్ కూడా తిరగబడ్డాడు కాబట్టి ఒప్పందం సిక్కులే తెంచారన్నది గవర్నర్ జనరల్ డల్హౌసీ వాదన. కానీ అప్పుడు పాలన ఎవరి చేతిలో ఉంది? రెసిడెంట్ చేతిలోనే. తిరుగుబాటులో పిల్లవాడి పాత్ర ఏమీ లేదు. అయినా 1849 మార్చి 29న, పదేళ్ల వయసులో, అతని చేత కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించారు. రాజ్యం పోయింది. ఆ ఒప్పందంలోని మూడో షరతు ప్రకారం కోహినూర్‌ను ఇంగ్లండు రాణికి అప్పగించాలి. సంరక్షకుడే మైనర్ ఆస్తి రాయించుకుంటే అది చెల్లుతుందా?

1854లో లండన్‌లో అతనే వజ్రాన్ని విక్టోరియా చేతికిచ్చాడని కొందరు గుర్తుచేస్తారు. అప్పటికే అది ఆమె సొత్తు. పెద్దయ్యాక దులీప్ సింగ్ తన రాజ్యం, తన వజ్రం అన్యాయంగా తీసుకున్నారని బహిరంగంగానే పోరాడాడు.

సుప్రీంకోర్టు 2017లో ఆ పిటిషన్‌ను కొట్టేసింది. 2018లో ఒక ఆర్టీఐ దరఖాస్తుకు పురావస్తు శాఖ ఇచ్చిన జవాబులో మాత్రం 'ఇచ్చారు' అని లేదు, లాహోర్ మహారాజు ఇంగ్లండు రాణికి 'అప్పగించాడు' అని ఉంది.