ఊరి పేరు మారింది, గళ్ళ పేరు మారలేదు

మొన్న చెన్నై టీ నగర్‌లో ఒక షోరూమ్‌కి అమ్మతో వెళ్ళాను. గళ్ళ చొక్కా ఒకటి చేతికి తగిలింది, మెడ దగ్గర లేబుల్ మీద ‘మద్రాస్ చెక్స్’ అని ఉంది, తిరగేసి చూస్తే లోపలి వైపు గళ్ళు పాలిపోయి ఉన్నాయి. అంటే నేసినవి కావు, అచ్చు వేసినవి. నేసిన గళ్ళకి పైవైపు, లోపలివైపు అని తేడా ఉండదు. 1996లో మద్రాసు కాస్తా చెన్నై అయిపోయింది గానీ పాత పేరు ఇలా చొక్కాల మీద ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ గళ్ళకి ఆ పేరు ఎలా తగులుకుందో తెలియాలంటే 1639 దాకా వెనక్కి వెళ్ళాలి.

అప్పటికి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో కాపురం పెట్టి, అక్కడ బట్ట సరిగా దొరక్క నానా అవస్థా పడుతున్నారు. ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి తీరం వెంట దక్షిణానికి వచ్చి చూసి, ఇక్కడ బట్ట 20 శాతం చవక అని పైవాళ్ళకి రాశాడు. విచిత్రం ఏమిటంటే ఇక్కడ ఓడరేవే లేదు! ఓడలు దూరంగా ఆగితే సరుకు పడవల్లో అలలకి ఎదురెళ్ళి మోసుకుపోవాలి. అయినా సరే అన్నారంటే అదంతా బట్ట కోసమే. నేల ఇచ్చింది తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం.

ఆ తర్వాత ఊరంతా బట్ట చుట్టూనే పెరిగింది. చాకిరేవుల్లో బట్ట చలువ చేసేవాళ్ళు ఉన్న చోటు వాషర్‌మన్‌పేట. 1734లో కంపెనీ వాళ్ళు సుంకురామ చెట్టి అనే వ్యాపారి తోట తీసుకుని, నేతగాళ్ళని, నూలు వడికేవాళ్ళని పిలిపించి చింతాద్రిపేట కట్టారు. ఇవాళ అక్కడ మగ్గం చప్పుడు వినపడదు, బైకుల హారన్లు తప్ప. కానీ గళ్ళ గుడ్డలో చాలా భాగం ఊళ్ళో నేసింది కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చింది, నేసినవాళ్ళలో తెలుగు మాట్లాడే పద్మశాలీలు, దేవాంగులు కూడా ఉన్నారు. ఓడెక్కింది మద్రాసులో కాబట్టి మద్రాస్ గుడ్డ అయింది, చుట్టుపక్కల ఊళ్ళలో వండిన బెల్లం అనకాపల్లి బెల్లం అయినట్టు.

స్కాట్లాండ్ సిపాయిల గళ్ళ బట్టలు చూసి మనవాళ్ళు నేర్చుకున్నారని ఒక కథ తిరుగుతుంటుంది. నాకు నమ్మకం లేదు. మగ్గం ఉండి, రెండు రంగుల నూలు ఉంటే గళ్ళు వాటంతట అవే వస్తాయి, ఎవరూ వచ్చి నేర్పక్కర్లేదు. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, రంగులు ఏ వరుసలో తోడితే పేకలోనూ, అంటే అడ్డం పోగుల్లోనూ, అదే వరుసలో కొట్టుకుంటూ పోవడమే. ఒకే రంగు పోగులు కలిసిన చోట ఆ రంగు నిండుగా పడుతుంది, వేరు రంగులు కలిసిన చోట మూడోది పుడుతుంది. 3 రంగుల నూలుతో 6 ఛాయలు, 4 రంగులతో 10. రంగు తొట్టెలు పెంచకుండానే రంగులు పెంచే ఈ లెక్క నేతగాడి వేళ్ళకి తెలుసు, కాగితం మీద వేసి చూపించమంటే నవ్వుతాడు.

ఈ గళ్ళ గుడ్డని ‘మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో సుమారు గజం చదరం ముక్కలుగా, ఒక్కో తానులో 8 చొప్పున నేసి విదేశాలకి పంపేవారు. పేరు ‘హ్యాండ్‌కర్చీఫ్’ అయినా జేబులో పెట్టుకునేది కాదు, ఒంటికి చుట్టుకునేది, తలకి కట్టుకునేది. నైజీరియాలో నైజర్ డెల్టా ప్రాంతపు కలబరి వాళ్ళు దీన్ని ‘ఇంజిరి’ అంటారు. వాళ్ళ ఆడవాళ్ళు బ్లేడుతో కొన్ని పోగులు కోసి లాగేసి, మన గళ్ళలోంచి తమ సొంత డిజైన్ తీస్తారు. మనవాళ్ళు పోగు వేసి చేసిన పనిని వాళ్ళు పోగు తీసి చేస్తారు, ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఈ గుడ్డ మీద మోజు పెరిగింది. కరీబియన్ దీవుల్లో, సెయింట్ లూసియా లాంటి చోట్ల అయితే ఇది జాతీయ దుస్తుల్లోనే చేరిపోయింది, వాళ్ళ నోట కూడా దాని పేరు మద్రాస్.

అమెరికా ముచ్చట వేరు. 1958లో విలియం జేకబ్సన్ అనే దిగుమతిదారు మన దేశానికి వచ్చి, తర్వాతి రోజుల్లో లీలా హోటళ్ళు పెట్టిన కెప్టెన్ కృష్ణన్ నాయర్ దగ్గర వేల గజాలు కొన్నాడట. చన్నీళ్ళలో విడిగా ఉతకాలన్న మాట కొన్నవాళ్ళ దాకా చేరలేదు, రంగులు దిగిపోయి గొడవ కోర్టుల దాకా పోయేలా ఉంది. అప్పుడు ఎవరికో బుర్ర వెలిగింది. రంగు దిగడం తప్పు కాదు, అదే దాని గొప్ప, ప్రతి ఉతుక్కీ కొత్త చొక్కా అని ప్రచారం మొదలెట్టారు, ‘దిగుతుందని గ్యారంటీ’ అని ప్రకటనలే వేశారు! కాలేజీ కుర్రాళ్ళు ఎగబడి కొన్నారు.

మా ఇంట్లో తాతయ్య గళ్ళ లుంగీ మొదటిసారి తడిపిన రోజున పక్కనున్న తెల్ల పంచె గులాబీ రంగులోకి మారిపోయి, నానమ్మ రెండ్రోజులు మాట్లాడలేదట. గొప్ప అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

లుంగీ ఇప్పటికీ 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం జాబితాలో ఉంది, దాని ప్రకారం కొన్ని రకాలు మరమగ్గం మీద నేయకూడదు. చొక్కా గుడ్డ మీద అచ్చు వేసిన గళ్ళకి మాత్రం ఆ చట్టంతో పని లేదు.

షోరూమ్‌లో అమ్మ ఆ చొక్కా చేత్తో పట్టుకుని సేల్స్ కుర్రాణ్ణి అడిగింది, “రంగు దిగుతుందా బాబూ?” అని. వాడు తమిళంలో, కాస్త గర్వంగానే, “పోదమ్మా, గ్యారంటీ” అన్నాడు.