నంద్యాల నాలుగు నెలల ఎంపీ, ఆయన వదిలిన పార్టీ

గెలిచిన పార్టీ వదిలి వేరే పార్టీలోకి మారిన ఎమ్మెల్యేల మీద వచ్చే ఫిరాయింపు ఫిర్యాదులను స్పీకర్లు నాన్చుతున్నారన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈ మాట వచ్చినప్పుడు కర్నూలు, అనంతపురం వాళ్లు నీలం సంజీవరెడ్డిని గుర్తు చేసుకోవాలి. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల. జనతా తరఫున అక్కడ గెలిచిన ఆయన మార్చి 26న స్పీకర్ అయ్యారు. జులై 13న రాజీనామా చేశారు, అదే నెల 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. నంద్యాలకు ఎంపీగా ఉన్నది నాలుగు నెలలే.

సొంతూరు ఇల్లూరులో ఆయన బాల్యం, ముఖ్యమంత్రి రోజులు సీమలో అందరికీ తెలిసినవే. ఇప్పుడు చూడాల్సింది అంతకు పదేళ్ల ముందు, 1967 మార్చి 17. హిందూపురం నుంచి కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన సంజీవరెడ్డి ఆ రోజు లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చోగానే, 34 ఏళ్ల కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అంతకు ముందు ఏ లోక్‌సభ స్పీకరూ ఆ పని చేయలేదు. చెయ్యమని ఏ చట్టమూ చెప్పలేదు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు తీసుకున్నారు. సొంత పార్టీ అనేది ఉంటే అంత తేలిగ్గా అయ్యే పనేనా?

రెండేళ్లకే మళ్లీ కాంగ్రెస్ అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు కదా అని విమర్శకులు అంటారు. నిజమే. కానీ ముందు స్పీకర్ పదవి వదిలారు, తర్వాతే పోటీకి దిగారు. ప్రధాని ఇందిరాగాంధీ సొంత పార్టీ వాళ్లను ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్నారు, స్వతంత్రంగా నిలబడ్డ వి.వి. గిరి గెలిచారు. సంజీవరెడ్డి అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు.

1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక, ఎమ్మెల్యే మీద వేటు వేసే అధికారం స్పీకర్ చేతికి వచ్చింది. స్పీకర్ తన పార్టీని వదలాలన్న నియమం మాత్రం రాలేదు. 2016లో నంద్యాల, ఆళ్లగడ్డ ఎమ్మెల్యేలు వైసీపీ నుంచి టీడీపీలోకి వెళ్లారు. ఆ సభలో అలా మారిన వాళ్లు 23 మంది. ఒక్కరి మీదా వేటు పడకుండానే సభ కాలం తీరింది. ఆళ్లగడ్డ ఎమ్మెల్యే మంత్రి కూడా అయ్యారు. ఈ అధికారం స్పీకర్ దగ్గర ఉండాలా, శాశ్వత ట్రైబ్యునల్‌కు ఇవ్వాలా ఆలోచించమని 2020లో సుప్రీంకోర్టు పార్లమెంటుకు చెప్పింది. ఫిర్యాదులు ఇంకా స్పీకర్ బల్ల మీదికే వెళ్తున్నాయి.