ఏసీలో గ్యాస్ ఏటా అయిపోతుందా? అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరితే చాలు, శ్రీకాకుళంలో ఏసీ మెకానిక్‌నైన నా ఫోన్‌కి వచ్చే మొదటి మాట ఇదే: "బాబూ, ఏసీలో గ్యాస్ అయిపోయింది, ఈ ఏడాదిది కొట్టేసి ఎల్లు." ఈ ఏడాదిది! ఇంటి పన్ను కట్టినట్టు ఏటా గ్యాస్‌కి డబ్బు కట్టేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

అపోహ: వాడేకొద్దీ గ్యాస్ తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. ఇది పొయ్యిలో కాలిపోయే గ్యాస్ కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో ద్రవమవుతూ, ఆవిరవుతూ అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ పనిచేసేదీ ఇలాగే. దానికి ఏటా గ్యాస్ కొట్టిస్తున్నారా? ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది, అంతే. ఆ లీకు పట్టకుండా గ్యాస్ కొట్టి, రెండు మూడు వేలు తీసుకుని వెళ్లినవాడు మళ్లీ వేసవికి తన బేరం తనే ఖాయం చేసుకున్నాడన్నమాట.

కళింగపట్నంలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే ఉగాది వెళ్లగానే గ్యాస్ కొట్టించేవారు. "ఏటి సేస్తాం నాయనా, సముద్రం గాలికి గ్యాస్ నిలవదట" అన్నారు. ఎవరు చెప్పారో గానీ భలే చెప్పారు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర లావు పైపు బిగించే ఫ్లేర్ నట్ కింద నల్లటి జిడ్డు మరక, దానికి దుమ్ము అతుక్కుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పైపుల్లో తిరుగుతుంది కాబట్టి లీకయ్యే చోట తరచూ ఆ జిడ్డే పట్టిస్తుంది. సబ్బు నురగ రాశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి, పగిలి, అక్కడే మళ్లీ పుట్టింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, "ఇదా నా పింఛను తినేస్తున్నది!" అన్నారు. పైపు కొస కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, అంటే కొసని గరాటులా వెడల్పు చేసి, బిగించాక ఆ ఏసీకి మళ్లీ ఏటా గ్యాస్ కొట్టించే అవసరమే రాలేదు.

సముద్రం గాలి మాటలో కొంత నిజం లేకపోలేదు. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్‌లోని కాయిల్‌ని (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టని) త్వరగా తినేస్తుంది. అప్పుడప్పుడూ స్విచ్ ఆపి మంచినీళ్లతో కడగండి. కానీ గాలి వల్ల చిల్లి పడితే ఆ చిల్లి వెతికి పూడ్చాలి, పూడ్చలేకపోతే కాయిల్ మార్చాలి.

సరైన పని ఎలా ఉంటుందో తెలిస్తే మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. ముందు నైట్రోజన్ నింపి ప్రెజర్ నిలుస్తోందా చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే గుమ్మంలోనే ఆపేయండి, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. లీకు బాగుచేశాక పంపుతో వ్యాక్యూమ్ చేయాలి, అంటే పైపుల్లోని గాలంతా లాగేయాలి, లేకపోతే లోపల గాలి, తేమ ఉండిపోతాయి. ఆ తర్వాత యూనిట్ మీద స్టిక్కర్‌లో రాసినన్ని గ్రాముల గ్యాస్‌ని కాటా మీద తూచి ఎక్కించాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారేకొద్దీ ప్రెజర్ కూడా మారుతుంది. ఉత్త ప్రెజర్ గేజి చూసి "సరిపోయింది" అంటే నమ్మకండి.

అపోహ: చల్లగా లేదంటే గ్యాస్ లేనట్టే.

వాస్తవం: ముందు ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము పట్టిన అవుట్‌డోర్, పోయిన కెపాసిటర్, తక్కువ ఓల్టేజీ కూడా ఇదే పని చేస్తాయి. లోపలి యూనిట్‌లో ఐస్ కట్టడానికి కూడా మూసుకుపోయిన ఫిల్టర్ కారణం కావచ్చు. నీళ్లు కారితే ముందు చూడాల్సింది డ్రెయిన్ పైపు.

అపోహ: పాత ఆర్22 రకం గ్యాస్ ఏసీలో ఆర్32 రకం గ్యాస్ కొట్టుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. 35 డిగ్రీల దగ్గర ఆగి ఉన్న ఏసీలో ఆర్22 ప్రెజర్ సుమారు 180 పీఎస్ఐ (ప్రెజర్ కొలత), ఆర్32ది 300 పైమాటే. ఆయిల్ కూడా వేరు.

అపోహ: ఆర్32 బాంబులా పేలుతుంది.

వాస్తవం: దానికి మంట అంటుకునే గుణం కొంచెం ఉంది, అందుకే ఆ పైపులకి అతుకు వేయడానికి మంట పెట్టే ముందు గ్యాస్ పూర్తిగా తీసేయాలి. మామూలుగా వాడుకునేవాళ్లు భయపడక్కర్లేదు. కొన్ని ఏసీల్లో ఉండే ఆర్290 గ్యాస్ అయితే ప్రొపేన్, దానికి ఇంకా జాగ్రత్త కావాలి. ఏసీ గ్యాస్ పేలుతుందనే వాట్సాప్ వీడియోలు చూసి ఆమదాలవలసలో ఒక బాలింత, గదిలో గ్యాస్ వాసన వస్తోందని పసిపిల్లని ఎత్తుకుని వరండాలోనే కూర్చుంది. ఆవిడ టెన్షన్‌ని నేను తప్పుపట్టను, పసిబిడ్డ ఉన్న ఇల్లు. "తల్లీ, ఇంట్లో ఏసీ గ్యాస్‌కి వంటగ్యాస్ లాంటి వాసన ఉండదు" అని చెప్పి వెతికితే, ఏసీ నీళ్లు పోయే పైపుని బాత్రూం డ్రైనేజీ గొట్టంలోకి దూర్చేశారు. ఆ కంపే పైపు గుండా గదిలోకి వస్తోంది. పైపు బయటికి లాగి బకెట్‌లో పెట్టాను. గేజి బ్యాగులోంచి తీయాల్సిన పనే పడలేదు.