రికార్డుకు స్పిరిట్ పూసే ముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కావలిలో మా నాయనది మైకుసెట్టు అంగడి. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ తిరిగిన గ్రామఫోన్ ప్లేట్లు ఇంకా మా అటక మీదే ఉన్నాయి. ఇప్పుడు నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ పాత రికార్డులు తెచ్చి "ఈ గరగర తీసెయ్యన్నా" అంటుంటారు. వాళ్లలో చాలామంది ఇంట్లో ఒకసారి కడిగి మరీ తెస్తారు. చిక్కంతా అక్కడే.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే ఏ రికార్డయినా కొత్తదైపోతుంది.

వాస్తవం: ముందు అదేం రికార్డో చూడండి. 78 స్పీడువి (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) చాలావరకు లక్క కలిపి చేసినవి. మందంగా, బరువుగా ఉంటాయి, కిందపడితే పెంకులా పగులుతాయి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పదో తరగతిలో నేనొక 78ని స్పిరిట్ దూదితో రుద్దాను. దూది నల్లబడుతుంటే మురికి వదులుతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దా. దూదికి అంటింది పాటేనని నాయన వచ్చి చెప్పేదాకా తెలియలేదు. వీటికి డిస్టిల్డ్ వాటరూ, ఒక చుక్క మెత్తటి సబ్బూ చాలు. నాననివ్వకుండా వెంటనే తుడిచెయ్యాలి.

1948 నుంచి వచ్చిన ఎల్పీలు (ఎక్కువసేపు పాడే ప్లేట్లు) వినైల్ అనే ప్లాస్టిక్‌వి. వీటికైతే నాలుగు పాళ్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చు. శానిటైజర్ మాత్రం వద్దు. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిగట మిగులుతుంది.

అపోహ: కొళాయి కింద పెట్టి కడిగితే సరి.

వాస్తవం: మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూశారా? ఆ తెల్లపొరే ప్లేటు గాళ్లలోనూ పడుతుంది, పాట పలికించే ముల్లు దాని మీద నడుస్తుంది. బ్యాటరీ అంగట్లో డిస్టిల్డ్ వాటర్ అడిగి తీసుకోండి. పక్కనే యాసిడ్ డబ్బాలుంటాయి, లేబుల్ చదివి మరీ. కడిగేటప్పుడు నడిమి కాగితం లేబుల్ తడవనివ్వకండి. గుడ్డ గాడి వెంబడి గుండ్రంగా తిరగాలి, అడ్డంగా కాదు.

అపోహ: కొబ్బరినూనె రాస్తే మెరుపొస్తుంది.

వాస్తవం: వస్తుంది. దాంతోపాటు వీధిలో దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది.

అపోహ: ఎండలో పెడితే బాగా ఆరుతుంది.

వాస్తవం: రోహిణి కార్తె ఎండకు వినైల్ అప్పడంలా వంకరపోతుంది. నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. దాచేటప్పుడు కూడా నిలువుగానే, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.

అపోహ: బాగా కడిగితే గరగర మొత్తం పోతుంది.

వాస్తవం: దుమ్ము వల్ల వచ్చేది పోతుంది. అరిగిన ముల్లుతో ఏళ్ల తరబడి వేసిన ప్లేటుకు గాడి గోడే దెబ్బతిని ఉంటుంది, దాన్నెవరూ బాగుచెయ్యలేరు. అందుకే ముల్లునూ చూసుకోండి: పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవాలి, పక్కలకు రుద్దితే అది పట్టుకున్న సన్నటి పుల్ల వంగిపోతుంది.