కోరంటి నుంచి కోఠి దాకా

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాతతరం హైదరాబాదీలు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. 1911లో నగరాన్ని ప్లేగు కుదిపేసింది. మరుసటి ఏడాదే నిజాం ప్రభుత్వం ఇరుకు బస్తీలను బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. రోగమొచ్చాక మందివ్వడం ఒక పని, రాకుండా ఇల్లూ నీళ్లూ కాలువా చూడడం ఇంకో పని అని ఆనాడే అర్థమైంది. నేటి తెలంగాణ ప్రజారోగ్య శాఖ గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ రెండు పనులూ తర్వాత ముక్కలయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చి, జిల్లా, ఏరియా ఆస్పత్రులు ఆ పరిషత్ కిందకు వెళ్లాయి. గాంధీ, ఉస్మానియా లాంటి బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుడి (డీఎంఈ) కింద ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంటురోగాల నిఘా కోఠిలోని ప్రజారోగ్య సంచాలకుడి (డీహెచ్) ఆఫీసుకు మిగిలాయి. నగరంలో దోమల పని జీహెచ్‌ఎంసీది. ఒకే జ్వరం, నలుగురు యజమానులు.

దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. 2015 జనవరిలో అదే జబ్బు మళ్లీ విజృంభిస్తున్న రోజుల్లో, ఆరోగ్య శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి రాజయ్య పదవి పోయింది. ఆయన తర్వాత లక్ష్మారెడ్డి, ఈటల, కొన్ని నెలలు స్వయంగా ముఖ్యమంత్రి, 2021 నవంబర్‌లో హరీశ్ రావు ఆ శాఖ చూశారు. ఏడేళ్లలో ఇన్ని చేతులు మారాయి. కింద ఆఫీసులో ఫైలు నడిచే తీరు మాత్రం మారలేదు.

ఆ తీరు ఏమిటో 2020 చూపించింది. మార్చి 2న రాష్ట్రంలో తొలి కొవిడ్ కేసు వెల్లడైంది. ప్రైవేటు ల్యాబులకు కేంద్రం మార్చిలోనే దారి తెరిచినా, ఇక్కడ అనుమతి దొరికింది జూన్ మధ్యలో. ఈలోగా మే 20న, డబ్బు పెట్టుకుని ప్రైవేటులో పరీక్ష చేయించుకునే హక్కు జనానికి ఉందని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. రోజువారీ బులెటిన్‌లో వివరాలు దాస్తున్నారని కోర్టు పదేపదే మందలించింది. జూలై చివర్లో గానీ అది జిల్లాలు, ఆస్పత్రులు, పడకల లెక్కలతో పూర్తిస్థాయిలో రాలేదు. ఆగస్టులో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగర మురుగునీటిని పరీక్షించి, సుమారు 6 లక్షల మందికి పైగా వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. రాష్ట్రం మొత్తానికి అధికారిక లెక్క అప్పటికి లక్ష కూడా దాటలేదు. అంకె ముందు పైవాళ్లకు వెళ్లాలి, వాళ్లు సరేనంటేనే బయటికి రావాలన్న అలవాటు ఆ తేడాను ఇంకా పెంచిందని నా నమ్మకం. జనం టెన్షన్ పడతారని అంకె దాస్తే, వాళ్లు మరింత భయపడ్డారు.

అమెరికాలో రోగాల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీదీ దాదాపు ఇదే కథ. 1946లో అట్లాంటాలో మలేరియా మీద పనికి మొదలైన సంస్థ అది. 2020 ఫిబ్రవరిలో దాని తొలి పరీక్ష కిట్లే సరిగా పనిచేయలేదు. 2022 ఆగస్టులో అప్పటి అధిపతి రొషెల్ వలెన్స్కీ, అవసరమైన వేళ మా పని ఆశించిన స్థాయిలో లేదని ఒప్పుకున్నారు. సమాచారం త్వరగా బయటపెట్టాలి, మామూలు మాటల్లో చెప్పాలి, ఉద్యోగికి గుర్తింపు అచ్చయిన పరిశోధన పత్రాలతో కాక చేసిన పనితో రావాలి అన్నారు. మరుసటి ఏడాది ఆమె పదవి వీడారు. ఒక సంస్థ అధిపతి తప్పును బయటికి చెప్పడమే నాకు పెద్ద విషయంగా తోచింది. మన దగ్గర అలాంటి సమీక్ష జనం ముందుకు రావాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

చేయగల సత్తా ఈ శాఖకు లేక కాదు. 2021 మేలో రెండో వేవ్ ముంచెత్తినప్పుడు, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఇంటింటి జ్వర సర్వే పెట్టారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడపగడపకూ తిరిగి, జ్వరమున్న వాళ్ల చేతికి అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. పైనుంచి అనుమతి కోసం చూడకుండా గుమ్మం దగ్గరే నిర్ణయం తీసుకునే వీలు ఆ కొన్ని వారాలు వాళ్లకు దొరికింది. 2022 జనవరిలో మూడో వేవ్‌కు మళ్లీ అదే సర్వే చేశారు. 2023 సెప్టెంబర్‌లో ఆ ఆశాలే నెలకు 18 వేల స్థిర వేతనం ఇవ్వాలని సమ్మెకు దిగారు.