టైగర్‌కు ఏం పెట్టాలి? పిల్లలకు తాతయ్య ఉత్తరం

తార్నాక, హైదరాబాదు

చిరంజీవులు శ్రావణి, కార్తీక్‌లకు తాతయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి రాసిన ఉత్తరం అందింది. మీ కుక్క టైగర్‌కు పెరుగన్నం చాలని మీ నానమ్మగారు, ప్యాకెట్ తిండి తప్ప మరొకటి పెట్టకూడదని కార్తీక్, మనం తినేదే దానికీ ఒక ముద్ద పెడితే ఏమవుతుందని శ్రావణి, ముగ్గురూ మూడు మాటలంటున్నారు. నేను పశువైద్యుడిగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ తగవు నా బల్ల ముందుకు వస్తూనే ఉండేది. వియ్యపురాలి మాట కాదనే ధైర్యం నాకు లేదు కాబట్టి తీర్పు చెప్పను. లెక్క మాత్రం వేసి చూపిస్తాను, అది ఏం చెప్పిందో మీరే ఆమెకు వినిపించండి.

ఏం పెట్టాలో తేల్చుకునే ముందు ఎంత పెట్టాలో తెలియాలి. టైగర్ బరువు 16 కిలోలని రాశారు. కుక్క కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి పీల్చడానికి, ఒంట్లో వేడి నిలవడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. దాన్ని లెక్కగట్టడానికి మేము వాడే సూత్రం మీ స్కూలు లెక్కల కంటే కష్టమేమీ కాదు. బరువుకు వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీసి, వచ్చినదాన్ని ఘనం చేసి 70తో గుణించాలి. 16కు వర్గమూలం 4, దానికి 2, రెండు ఘనం 8, కాబట్టి 560 కేలరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, రోజూ కాస్త నడిచే పెద్ద కుక్కకు దీన్ని 1.6తో హెచ్చిస్తే ఇంచుమించు 900 వస్తుంది. బిస్కెట్లతో సహా రోజు మొత్తానికి అదే దాని రేషను. చిరుతిండి అందులో పదోవంతు మించకూడదంటారు, అంటే 90 కేలరీలు, గ్లూకోజ్ బిస్కెట్లలో చెప్పాలంటే 20 గ్రాములు. టీ తాగే ప్రతి పెద్దమనిషీ తలా రెండు విసిరితే ఆ కోటా ఉదయానికే అయిపోతుంది.

ఇక పెరుగన్నం సంగతి. అర కిలో అన్నంలో 400 గ్రాముల పెరుగు కలిపితే 900 కేలరీలకు దగ్గరగా వస్తుంది, కడుపు నిండుతుంది, కుక్క హాయిగా నిద్రపోతుంది. అందుకే ఇందులో లోటు ఉందని చాలామందికి అనిపించదు. కానీ ఆ గిన్నె మొత్తంలో ఉండే మాంసకృత్తులు దాదాపు 27 గ్రాములే. పెద్ద కుక్కకు వెయ్యి కేలరీల తిండిలో కనీసం 45 గ్రాములు ఉండాలన్నది అమెరికా దాణా నియంత్రణ అధికారుల సంఘం పెట్టిన ప్రమాణం, ఆ లెక్కన టైగర్‌కు 40 గ్రాములు కావాలి. కాల్షియం కూడా అవసరమైన దానిలో సగానికి అటూ ఇటూగానే అందుతుంది. అన్నం అరగదన్న భయం మాత్రం అక్కరలేదు. తోడేళ్లకంటే కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి దగ్గర చేరి బతికిన జంతువు మనిషి తిండికి కొంత అలవాటు పడిందన్నమాట.

మీ ఇంట్లో మాంసం వండరు, గుడ్డుకు అభ్యంతరం లేదు. అయితే పావు కిలో అన్నం, నాలుగు ఉడికించిన గుడ్లు, 200 గ్రాముల పెరుగు, ఉప్పూ పోపూ లేకుండా మెత్తగా ఉడికించిన కందిపప్పు ఒక గరిటెడు కలిపి చూడండి. కేలరీలు 830కి చేరువగా ఉంటాయి, మాంసకృత్తులు 45 గ్రాముల దాకా వస్తాయి, చిరుతిండికి చోటూ మిగులుతుంది. మాంసం లేకపోతే కుక్క బతకదన్న మాట నిజం కాదు, అది పిల్లి విషయంలో నిజం.

అయినా ఈ గిన్నెలోనూ కాల్షియం చాలదు. చికెనూ అన్నమూ పెట్టే ఇళ్లలో ఈ లోటు ఇంకా ఎక్కువ, ఎందుకంటే మెత్తటి మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది కానీ కాల్షియం దాదాపు ఉండదు. తిండిలో అది అందకపోతే శరీరం రక్తంలోని మట్టాన్ని కాపాడుకోవడానికి ఎముకల్లోంచి లాగుతుంది. ఖర్చుకు వెనకాడకుండా రోజూ చికెన్ పెట్టి పెంచిన కూనలను ముందుకాళ్లు వంకర తిరిగాక నా దగ్గరకు తెచ్చినవారు ఎందరో! మీ నానమ్మగారు రాగులు పెడదామంటే సంతోషమే. మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. కాకపోతే వాటిలోని ఫైటేట్లు అందులో కొంత ఒంటికి పట్టనివ్వవు. గుడ్డు పెంకులు కడిగి, వేయించి, మెత్తగా పొడి కొట్టి అర చెంచా కలిపితే దాదాపు ఒక గ్రాము కాల్షియం వస్తుంది. జింకు, అయోడిన్, విటమిన్ ఇ వంటివి ఇంటి వంటలో తగ్గుతాయి కాబట్టి వాటికి తగిన పొడిని మీ డాక్టరుగారు రాసిస్తారు. కూనలకు, ముఖ్యంగా పెద్ద జాతుల కూనలకు, ఈ కాల్షియం ప్రయోగాలు సొంతంగా చేయవద్దు. వాటికి ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

ప్యాకెట్ కొనేటప్పుడు కార్తీక్ ముందువైపు బొమ్మను కాక వెనకవైపు చిన్న అక్షరాలను చదవాలి. అది సంపూర్ణ ఆహారమా, ఏ వయసు కుక్కకు అన్నవి మొదట చూసుకో. పొడి తిండి మీద 24 శాతం ప్రొటీన్ అనీ, తడి తిండి పౌచ్ మీద 8 శాతమే అనీ ఉంటే రెండోది నాసిరకమనుకోకు. పొడి తిండిలో నీరు పది శాతం, పౌచ్‌లో 78 శాతం ఉన్నాయనుకుంటే, నీరు తీసేశాక మొదటిదానిలో ప్రొటీన్ 27 శాతం లోపే, రెండోదానిలో 36 శాతం. మంచి ప్యాకెట్ తిండి పెట్టడంలో తప్పేమీ లేదు, తీరిక లేని ఇంటికి అదే క్షేమమని కూడా నా అభిప్రాయం.

శ్రావణీ, నీ ప్రశ్నకు జవాబు చెబితే నీకు కోపం వస్తుందేమో. మన కంచంలోది వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఒక్క ముద్ద కూరతో టైగర్‌కు ప్రమాదం ముంచుకు రాకపోవచ్చు, కానీ ఒక్కసారే ఎక్కువగా తిన్నా, రోజూ కొద్దికొద్దిగా పెట్టినా చేటే. ద్రాక్ష, కిస్‌మిస్ విషయంలో అంత ఉదారంగా చెప్పలేను. అవి మూత్రపిండాలను పాడుచేస్తాయి, ఏ కుక్కకు ఎంత ప్రమాదమో ముందుగా తేలదు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఈమధ్య అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులో ఇంకా మెండుగా ఉంది కాబట్టి పులిహోర, చారు, సాంబారు కూడా ఈ కోవలోకే వస్తాయి. చాక్లెట్టు, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చక్కెర లేని చూయింగ్ గమ్ దాని నోటికి అందే చోట ఉంచవద్దు. ఎవరైనా బిర్యానీలోని ఎముకలు కట్టి తెచ్చి ప్రేమగా ఇవ్వబోతే మర్యాదగా అడ్డుపడండి, ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

ముద్దు చేసి ఎక్కువ పెట్టడం వల్ల జరిగే నష్టానికి గట్టి రుజువు ఉంది. అమెరికాలో 48 లాబ్రడార్ కూనలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే నాలుగోవంతు తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయువు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2 ఏళ్లు. తక్కువ తిన్నవాటికి కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. ఆ పరిశోధన చేయించింది కుక్కల తిండి అమ్ముకునే కంపెనీయే కావడం నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. కాబట్టి ఆ కళ్లలోకి చూసి కరిగిపోకండి. అరచేయి బోర్లా పెట్టి వేళ్ల కణుపుల మీద రెండో చేత్తో తడమండి, టైగర్ పక్కటెముకలు తడిమినప్పుడు అలాగే తగలాలి. వెతికినా దొరకకపోతే పదోవంతు తగ్గించండి, చూపుకే ఎముకలు కనిపిస్తుంటే పెంచండి.

కొత్త తిండి ఒక్కసారిగా మొదలుపెడితే విరేచనాలు పట్టుకుంటాయి. పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి. రోజు తిండిని రెండు పూటలుగా పెట్టండి. ఈ ఎండల్లో పొద్దున ఏడు లోపల ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పెడితే అది ఇష్టంగా తింటుంది. నీళ్లగిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం కార్తీక్ టైగర్‌ను ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కాలి, శ్రావణి అందులోంచి కార్తీక్ బరువు తీసివేసి వంటింటి క్యాలెండరు మీద రాయాలి. మొదటి మూడు నెలల అంకెలు నాకు పంపండి, గిన్నెలో ఏది మార్చాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య