కుడితి గోలెం

చిరంజీవులు బుజ్జికీ, చిన్నికీ తాత ఆశీస్సులు.

బుజ్జీ, నీ ప్రశ్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కుళాయి కట్టడం మరిచిపోతే బకెట్ పొర్లి పోయిన నీళ్లు ‘వ్యర్థ జలమేనా?’ అన్నావట.

కాదమ్మా. అవి నువ్వు వృథా చేసిన మంచినీళ్లు. వ్యర్థ జలమంటే ఒకసారి మన పని చేసిపెట్టిన నీళ్లు. స్నానం చేసినవి, అంట్లు తోమినవి, మరుగుదొడ్డిలో పోసినవి, ఫ్యాక్టరీ వాడి వదిలినవి. నాకా మాట నచ్చదు. పనిచేసి అలిసిన మనిషిని వ్యర్థుడంటామా? ‘వాడిన నీళ్లు’ అంటే చాలదూ! ఊరి మురుగులో వెయ్యి పాళ్లకు 999 పాళ్లు నీళ్లే.

నా చిన్నతనంలో ఆమదాలవలస దగ్గర మా ఇంటి దొడ్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, గుప్పెడు తవుడు అన్నీ అందులోకే. సాయంత్రానికి పుల్లటి వాసన కొట్టేది. గేదె మాత్రం మూతి ముంచి అడుగుదాకా తాగేసేది. పొద్దున్నకి పాలు! ఓసారి బద్ధకించి సబ్బునీళ్లు అందులోనే పోశాను. గేదె వాసన చూసి తలెత్తేసింది. ‘ఏట్రా ఇది? నోరు లేనిదని ఏదైనా పోసేస్తావేటి?’ అని అమ్మ గోలెం మొత్తం నాచేతే తోమించింది. సబ్బునీళ్ల చోటు నూతిగట్టు కింది అరటిచెట్టు.

మురుగు శుద్ధి చేసేచోటా గేదెలుంటాయి. కంటికి ఆననంత చిన్నవి, సూక్ష్మజీవులు. తొట్టిలోకి గాలి ఊదుతుంటే అవి ఊపిరి పీలుస్తూ నీళ్లలోని మలినాన్ని మేస్తాయి. కడుపు నిండి గుంపులు కట్టి అడుక్కి దిగుతాయి. పైన తేట మిగులుతుంది. దిగినవాటిలో కొన్నిటిని మళ్లీ కొత్త కుడితి దగ్గరికి తోలుతారు. 1914లో మాంచెస్టర్‌లో ఇద్దరు ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. విషం లాంటి ఫ్యాక్టరీ నీళ్లు కలిపితే మాత్రం ఈ గేదెలూ చచ్చిపోతాయి. అందుకే ఏ నీళ్లు ఎక్కడ పొయ్యాలో అక్కడే పొయ్యాలి, నాన్నా.

ఈ ఆదివారం మీ ఇంటి తూము దగ్గర మొదలుపెట్టి, నాన్నని తోడు తీసుకుని ఆ నీళ్ల వెంట నడవండి. చెయ్యి పెట్టకండి. రంగెక్కడ మారింది, గుర్రపుడెక్క ఎక్కడ దట్టంగా పెరిగింది, కొంగ ఎక్కడ వాలింది చూడండి. ఆ నీళ్లు నాగావళి నది దాకా పోయాయో లేదో నాకు రాయండి. మా నీళ్ల వెంట నేను అరటిచెట్టు దాకానే నడిచాను. అక్కడే ఇంకిపోయేవి.

మీ తాత